పన్నెండు బుధవారాలు

పోయిన శీతాకాలంలో పన్నెండు బుధవారాలు నేను ఒకే మాయన్ గుడి ముందు నిలబడ్డాను. అదే అడవి, అవే మెట్లు, ఎవరూ ఎక్కకుండా మెట్లకి అడ్డంగా కట్టిన అదే తాడు. తాడు పక్కన రాతి మీద ఎండ కాచుకుంటూ ఒక ఇగువానా ఉండేది, మన తొండకి పెదనాన్న వరస. మొదట్లో నన్ను చూసి తల ఎగరేసేది. ఆరో వారానికి ఆ మర్యాద కూడా మానేసింది. వారం వారం దిగబడే చుట్టానికి ఎవరు మాత్రం కుర్చీ వేస్తారు?

ఈ పుణ్యమంతా మావారిది. డాక్టర్ కృష్ణమోహన్ అంటే టెక్సస్‌లో మా ఊరు ఇర్వింగ్‌లో సగం తెలుగువాళ్ళకి తెలుసు. ఆ సగం మందినీ ఎప్పుడో ఒకప్పుడు ఆపరేషన్ బల్ల మీద నిద్రపుచ్చిన మనిషాయన. ముప్ఫై ఆరేళ్ళు మత్తు డాక్టరుగా చేసి జులైలో రిటైరయ్యారు. రిటైరైన రెండో సోమవారం పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గరాజ్‌లోకి వెళ్ళారు. గంట తర్వాత లోపలికొచ్చారు. కారు కదిలిన చప్పుడు నాకు వినపడలేదు. ఎక్కడికెళ్ళారని నేనడగలేదు, ఆయనా చెప్పలేదు.

అందుకే సెప్టెంబర్‌లో ఆయన ఓడ సంగతి ఎత్తినప్పుడు కాదనడానికి నాకు నోరు రాలేదు.

"చూడు రాగిణీ, గాల్వెస్టన్ నుంచి ప్రతి ఆదివారం షిప్ బయల్దేరుతుంది. కోస్టా మాయ, రొటాన్, కోజుమెల్ రేవులు తిరిగి మళ్ళీ ఆదివారానికి గాల్వెస్టన్. మనం దిగం. నవంబర్ నుంచి మార్చ్ దాకా అందులోనే ఉంటాం. బీచ్‌లు, జంగిల్, వెయ్యేళ్ళ నాటి గుళ్ళు. నీకు వంట లేదు, గిన్నెల్లేవు. డాక్టర్ కావాలంటే రెండు ఫ్లోర్లు కింద ఉంటాడు."

"మార్చ్ తర్వాత?"

"నచ్చితే ఇల్లు అమ్మేసి షిప్‌లోనే ఉండిపోదాం. ఇప్పుడు చాలామంది అలాగే చేస్తున్నారు."

"ఫిబ్రవరి మొదటి వారంలో చంద్రిక డెలివరీ అండీ. నేను మాటిచ్చాను."

"అప్పుడు దిగుదువుగానిలే," అన్నారు, ఉప్పు అందించమంటే అందించినంత తేలిగ్గా.

చంద్రిక మాకు చుట్టం కాదు. రెండు వీధుల అవతల అపార్ట్‌మెంట్లో ఉంటుంది, ఏదో కంపెనీలో టెస్టింగ్ చేస్తుంది. ఇర్వింగ్‌లో పురుడు పోసుకునే పిల్లలకి ఇండియా నుంచి అమ్మ వస్తే సరే. వీసా రాకపోతే నేను. ఇది నాకెవరూ అప్పగించిన పని కాదు. పందొమ్మిదేళ్ళ కిందట సుబ్బులు అని ఓ అమ్మాయి, పురిటి మంచం మీద ఆస్పత్రివాళ్ళిచ్చిన చల్లటి సాండ్‌విచ్ చేత్తో పట్టుకుని ఏడుస్తోంది. అప్పట్లో నేను అదే ఆస్పత్రి బ్లడ్ ల్యాబ్‌లో చేసేదాన్ని. ఇంటికెళ్ళి వేడన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి పట్టుకొచ్చాను. అలా మొదలైంది. శొంఠి, పిప్పళ్ళు, వాము దంచి, బెల్లంతో నేతిలో ముద్ద కట్టిన కాయం, నువ్వుల పొడి, పాత చింతకాయ పచ్చడి, బీరకాయ కూర. పదకొండు రోజులు నా వంటింటి నుంచే పథ్యం వెళ్తుంది. బాలింతకి తొలి ముద్ద తల్లి కలిపి పెట్టాలంటారు మావైపు. తల్లి రాలేనప్పుడు ఆ ముద్ద నా చేతిది. అలా నేను ముద్ద పెట్టిన తల్లుల పిల్లలు కొందరు ఇప్పుడు నాకంటే పొడుగు.

మావారు దీన్ని "నీ ఫ్రీ క్యాటరింగ్" అంటారు. చంద్రిక వాళ్ళమ్మ మాత్రం మొదటిసారి వీసా రానప్పుడు నరసరావుపేట నుంచి ఫోన్ చేసి, "నా చోట మీరున్నారనుకుని నిద్రపోతున్నానక్కయ్యా," అంది. ఎక్కే ముందే కాయం కొట్టి సీసాకెత్తి ఫ్రీజర్లో పెట్టాను. నవంబర్ రెండో ఆదివారం ఓడెక్కాం.

మొదటి మూడు వారాలూ నాకు నచ్చాయని ఒప్పుకోవాలి, లేకపోతే కళ్ళు పోతాయి. నీళ్ళు అంత నీలంగా ఉంటాయని నాకు తెలీదు. కోస్టా మాయలో బస్సెక్కి గంట వెళ్తే అడవి మధ్యలో గుళ్ళు, గుళ్ళ నెత్తి మీద చెట్లు, తడి ఆకుల వాసన. రొటాన్‌లో అరవై ఏడేళ్ళ వయసులో కేకలు పెడుతూ చెట్ల మీదుగా తీగకి వేలాడుతూ జిప్‌లైన్ జారాను. కోజుమెల్‌లో ఇసుక జల్లించిన పిండిలా ఉంటుంది. బుధవారం గుడి, గురువారం అడవి, శుక్రవారం బీచ్.

నాలుగో వారం కూడా బుధవారం గుడి, గురువారం అడవి, శుక్రవారం బీచ్. ఐదో శుక్రవారం కొబ్బరిబోండాం కొట్టిచ్చిన కుర్రవాడు నా మొహం చూసి, నవ్వుతూ, "సీ యూ నెక్స్ట్ ఫ్రైడే," అన్నాడు. ఎంత అందమైన చోటైనా ఏ రోజున ఎక్కడుంటానో ముందే తెలిసిపోయి, ఆ తెలియడంలో నా ఇష్టం పిసరంత కూడా లేకపోతే, దాన్నేమంటారో నాకు తెలుసు. ముందు నుయ్యి వెనక గొయ్యి అని మనవాళ్ళు సామెత చెప్పారు. నాకు నాలుగు వైపులా సముద్రమే.

ఆయన మాత్రం అక్కడ చిగురు వేశారు. భోజనాల బల్ల దగ్గర అందరూ "డాక్టర్ క్రిష్" అని పిలిచేవారు. క్విజ్ పోటీల్లో ఆయనే ముందు చెయ్యెత్తేవారు. ఎవరికి మోకాలు నొప్పి వచ్చినా ఆయన చుట్టూ చేరేవారు. నేను డెక్ మీద కూర్చుని నా చేతులు వాసన చూసుకునేదాన్ని. నలభై ఏళ్ళుగా వాటికి ఎప్పుడూ ఇంగువో, వెల్లుల్లో, కరివేపాకో అంటుకుని ఉండేది. ఇప్పుడు ఓడవాళ్ళ నిమ్మకాయ సబ్బు తప్ప ఏ వాసనా లేదు.

ప్రతి ఆదివారం ఓడ గాల్వెస్టన్‌లో ఖాళీ అవుతుంది. కొత్త జనం ఎక్కే ముందు మాలాగా ఉండిపోయేవాళ్ళని కూడా ఒకసారి దింపుతారు. ఇమిగ్రేషన్‌లో పాస్‌పోర్ట్ చూపించి, టెర్మినల్‌లో వరసగా వేసిన కుర్చీల్లో కూర్చుని, పిలవగానే మళ్ళీ ఎక్కాలి. అంటే వారానికి ఇరవై నిమిషాలు నా కాళ్ళు టెక్సస్ నేల మీద ఉండేవి. అద్దాల తలుపు అవతల టాక్సీలు కనిపించేవి. రెండు పాస్‌పోర్టులూ ఆయనే చూపించి, ఆయనే తీసుకుని, పైకెళ్ళగానే కాబిన్ సేఫ్‌లో పెట్టేవారు. పెళ్ళయిన దగ్గర్నుంచి మా ఇంట్లో కాగితాలన్నీ ఆయన దగ్గరే. సేఫ్ నంబరు ఆయన పెట్టిందే. ఆయన వేళ్ళు చూడకుండానే ఆ నాలుగంకెలూ నొక్కేవి. నా గాజులు కూడా అందులోనే ఉండేవి. నంబరెంత అని నేనెప్పుడూ అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు, అదీ నా తెలివి.

జనవరి రెండో వారంలో చంద్రిక వీడియో కాల్ చేసింది. మొహం వాచిపోయి ఉంది.

"ఆంటీ, అమ్మకి మళ్ళీ వీసా రిజెక్ట్ అయింది. టూ మినిట్స్ కూడా మాట్లాడలేదంట."

"ఏడవకు తల్లీ, ఈ టైంలో ఏడవకూడదు."

"మీరు ఫిబ్రవరి ఫస్ట్‌కి వచ్చేస్తారు కదా? డాక్టరేమో ఎర్లీగా కూడా అవ్వచ్చు అంటోంది. అసలు షిప్ మధ్యలో దిగనిస్తారా ఆంటీ?"

"దిగనివ్వకపోవడానికి ఇదేమన్నా జైలా?" అని నవ్వాను. ఫోన్ పెట్టేశాక కాలుగాలిన పిల్లిలా డెక్ చుట్టూ నాలుగుసార్లు తిరిగాను.

కాబిన్‌లో మావారు రేపటి క్విజ్‌కి సిద్ధమవుతున్నారు.

"ఏమండీ, ఫస్ట్ ఆదివారం నేను దిగిపోవాలి. ఓడవాళ్ళకి చెప్పారా?"

"ఫస్ట్‌కా?" అన్నారు, మొదటిసారి విన్నట్టు. "చెప్పలేదు. ఇప్పుడు మధ్యలో డిస్టర్బ్ చేయకు రాగిణీ. నెక్స్ట్ వింటర్‌కి కూడా ఇదే కాబిన్ బుక్ చేశాను. మార్చ్‌లో రియల్టర్ వచ్చి అమ్మకానికి ఇల్లు చూస్తాడు. స్మృతితో మాట్లాడాను, 'మీ ఇష్టం డాడీ' అంది."

స్మృతి మా ఒక్కగానొక్క కూతురు, సన్నీవేల్‌లో ఉంటుంది. దానికి ఓడ అయినా ఇల్లయినా మేం క్షేమంగా ఉంటే చాలు.

"నన్నడగలేదు," అన్నాను.

"నువ్వు ఎంజాయ్ చేస్తున్నావుగా! జిప్‌లైన్ ఫోటో చూడు, ఎంత నవ్వుతున్నావో."

ఆ ఫోటో మొదటి వారానిది.

"నా పాస్‌పోర్ట్ ఎక్కడుంది?"

"సేఫ్‌లో. భద్రంగానే ఉంది. ఎందుకు?"

ఆయన మళ్ళీ పుస్తకంలోకి తలదూర్చారు. ఆ గదిలో గోడలు ఇంకో అడుగు దగ్గరికి జరిగాయనిపించింది.

పన్నెండో బుధవారం గుడి దగ్గర మా గైడ్ ఎమిలియో ఎప్పటిలాగే అదే కథ చెప్పాడు. రాజులు, పూజారులు, నక్షత్రాలు. చివర్లో ఎప్పటిలాగే, "ఇంకేమైనా ప్రశ్నలున్నాయా?" అన్నాడు. ఎప్పుడూ నోరెత్తని నేను చెయ్యెత్తాను.

"వంటిళ్ళు ఎక్కడుండేవి?"

అతను తెల్లబోయాడు. అడవి వైపు చెయ్యి చాపాడు. "అక్కడే, చుట్టూరా. జనం ఇళ్ళన్నీ కర్రతో, తాటాకుతో కట్టుకున్నవి. గుడి రాయి కాబట్టి మిగిలింది. వంటిళ్ళు ఏవీ మిగల్లేదు మేడమ్. ఇన్నేళ్ళలో నన్ను ఇది ఎవరూ అడగలేదు."

"నీకు ఎక్కడికెళ్ళినా వంటిల్లేనా?" అని మావారు నవ్వారు. గుంపంతా నవ్వింది. నేను ఆ చెట్ల వంక చూస్తూ ఉండిపోయాను. ఇక్కడా ఎవరో ఒకావిడ పొగలో కళ్ళు తుడుచుకుంటూ బాలింతకి ఏదో కాచి పోసే ఉంటుంది. ఆవిడ గుర్తుగా ఒక్క రాయి లేదు. నాకు ఏడుపొచ్చింది. ఇగువానా తప్ప ఎవరూ చూడలేదు.

శనివారం ఓడ సముద్రం మధ్యలో ఉంది. మధ్యాహ్నం చంద్రిక భర్త అక్షయ్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "ఆంటీ, పెయిన్స్ స్టార్ట్ అయ్యాయి. హాస్పిటల్‌కి వెళ్తున్నాం." చుట్టూ కనుచూపు మేర నీళ్ళు. దూకి ఈదగలిగే దూరమైతే ఈత రాకపోయినా దూకి ఉండేదాన్ని. "బ్రెడ్డో సూపో ఏం పెట్టినా పెట్టు నాయనా, అన్నం మాత్రం నేనొచ్చాకే," అని రాశాను. రాశాక, వేళకి అందుకోగలనో లేదోనని భయం వేసింది.

మావారు బాల్కనీలో ఉన్నారు. ఫోన్ ఆయన ముందు పెట్టాను. చదివి, అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇర్వింగ్‌లో తెలుగువాళ్ళకి కరువా? ఎవరో ఒకరు చూస్తారు."

"ఆ ఎవరో ఒకరు నేనేనండీ. నా పని అంటే మీకు అంత చిన్నచూపెందుకు?"

ఆయన అద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. నేను లేవబోయాను.

"చిన్నచూపు కాదు," అన్నారు సముద్రం వైపు చూస్తూ. "ఇంట్లో ఫోన్ మోగితే నీకే మోగుతుంది. డోర్‌బెల్ కొడితే నీకోసమే. రిటైరయ్యాక రెండు నెలలు చూశాను. నాకోసం ఒక్కటీ మోగలేదు. ఇక్కడ నీకూ మోగదు. ఇద్దరం ఒకటే."

నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది. ఏది ముందో చెప్పలేను. నన్ను తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టింది నా సుఖం కోసం కాదన్నమాట, తన ఖాళీకి తోడుగా. నలభై ఒక్కేళ్ళ కాపురంలో ఆయన నాతో అన్న అన్నిటికంటే నిజమైన మాట అదే. దానికి నేను ఆయన చెయ్యి పట్టుకోవాలో, బాల్కనీ కుర్చీ ఎత్తి సముద్రంలో పడెయ్యాలో తెలియక, లోపలికెళ్ళి పడుకున్నాను.

ఆదివారం పొద్దున్న మమ్మల్ని దింపారు. ఆఫీసరు పాస్‌పోర్టులు చూసి మావారి చేతికిచ్చాడు. ఎప్పటిలాగే వరస కుర్చీల్లో కూర్చున్నాం. నా ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్, అందులో బీపీ మాత్రలు, డ్రైవింగ్ లైసెన్సు. ఫోన్ మోగింది. అక్షయ్. "పాప, ఆంటీ! సిక్స్ ఫార్టీకి. ఇద్దరూ ఓకే." వెనక నుంచి చంద్రిక నీరసంగా, "ఆంటీ ఎక్కడున్నారు? అడుగు," అంటోంది.

నేను లేచి నిలబడ్డాను.

"నా పాస్‌పోర్ట్ నాకివ్వండి."

అది లేకపోయినా వెళ్ళగలను, లైసెన్సు ఉంది. కానీ అడిగి తీసుకోవాలనిపించింది. ఆయన నా మొహం వంక చూశారు. మెడలో వేలాడే సంచీ జిప్పు తీశారు. రెండూ ఒకేలా ఉంటాయి కదా, మొదట తనది వచ్చింది. తెరిచి చూసి, లోపల పెట్టి, నాది తీసి ఇచ్చారు. పక్క కుర్చీలో క్విజ్ జట్టులోని ముసలాయన, "ఎవ్రీథింగ్ ఓకే, డాక్టర్ క్రిష్?" అన్నాడు. మావారు తలూపారు. "మందులు పెట్టుకున్నావా?" అని మాత్రం అడిగారు నన్ను.

"పెట్టుకున్నాను."

స్పీకర్లో మా గుంపుని పిలిచారు. అందరూ ఓడ వైపు లేచారు. నేను అద్దాల తలుపు వైపు నడిచాను. వెనక్కి చూస్తే ఆగిపోతానని చూడలేదు.

షటిల్‌లో హ్యూస్టన్, అక్కణ్ణుంచి విమానం, టాక్సీ. మా ఇంటి ముందు దిగేసరికి మూడైంది. గడ్డి ఎండిపోయి ఉంది. మెయిల్‌బాక్స్ మీద ఇత్తడి అంకెల్లో చివరి ఏడు ఒరిగిపోయి వేలాడుతోంది. లోపల మూడు నెలల మూసిన గాలి. కిటికీలు తీసి, బియ్యం కడిగి పొయ్యి మీద పడేసి, వెల్లుల్లి వలిచాను. గోళ్ళ సందుల్లోకి ఆ ఘాటు ఎక్కుతుంటే మూడు నెలల తర్వాత నా చేతులు నావయ్యాయి.

పొద్దుగూకే వేళకి ఆస్పత్రి గదిలో ఉన్నాను. పాప గుప్పెడంత ఉంది. నరసరావుపేటలో ఇంకా తెల్లవారలేదు, అయినా చంద్రిక వాళ్ళమ్మ ఫోన్ తెరలో కూర్చుని చూస్తోంది. వేడన్నంలో కాయం, నెయ్యి కలిపి తొలి ముద్ద చంద్రిక నోట్లో పెట్టాను. ఆ పిల్ల నమలకుండా ఏడ్చింది. ఫోన్లో వాళ్ళమ్మ ఏడ్చింది. "మింగవే ముందు, ఘాటు తగ్గిపోతుంది," అని నేనూ ఏడ్చాను.

ఆయన సోమవారం ఫోన్ చేయలేదు, మంగళవారం చేయలేదు. నేనూ చేయలేదు. పంతానికి పంతం. మళ్ళీ అదే చిన్న గదిలోకి వెళ్ళాల్సి వస్తుందా, ఈ పొయ్యి మార్చ్‌లో ఇంకెవరికో అప్పగించాల్సి వస్తుందా అన్న బెంగ నన్ను వదల్లేదు. ఓడ దిగానే గాని ఒడ్డున ఇంకా పడలేదు నేను.

బుధవారం మధ్యాహ్నం నువ్వులు వేయిస్తుంటే ఫోన్ మోగింది. వెనక పక్షుల గోల. ఆ అడవి నాకు బాగా తెలుసు.

"పాప ఎలా ఉంది?"

"బాగుంది. పాలు తాగుతోంది."

"ఎమిలియో అడిగాడు, మేడమ్ ఏరి అని."

"ఏం చెప్పారు?"

"ఆవిడకి పనుంది అన్నాను."

గరిటె తిప్పడం ఆపాను. క్యాటరింగ్ అనలేదు. పని అన్నారు. మాట మారుద్దామని, "నా గాజులు సేఫ్‌లో ఉండిపోయాయి, మర్చిపోకుండా తెండి," అన్నాను. "అసలా నంబరెంతో నాకెప్పుడూ చెప్పలేదు మీరు. రేపు మీకేదైనా అయితే నేనేం చెయ్యాలి?"

"నీకు తెలీదా?" నిజంగానే ఆశ్చర్యపోయారు. "నలభై ఒకటి ఇరవై ఏడు."

అది మా ఇంటి నంబరు.

అమ్మేద్దామన్న ఇంటిదేనా అని నాలుక చివరిదాకా వచ్చింది. ఊరుకున్నాను. పక్షులు అరుస్తూనే ఉన్నాయి. చివరికి, "ఆ ఏడు ఊడిపోయేలా ఉండాలి, ఎక్కేముందే బిగిద్దామనుకున్నాను," అన్నారు.

"వేలాడుతోంది," అన్నాను.

ఆదివారం వస్తానని ఆయన చెప్పలేదు. రమ్మని నేనూ అనలేదు. నువ్వులు కాస్త మాడాయి, మళ్ళీ వేయించాను. ఆదివారం పొద్దున చంద్రికకి పథ్యం కట్టి పంపించి, ఇద్దరికి సరిపడా బియ్యం పోశాను.

అన్నం మిగల్లేదు.